ఎనిమిదో తరగతి పిల్లకు పైలట్ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్నాను. ఈమధ్య ఒక సంస్థ వాళ్లు బడికి వచ్చారు. పిల్లకు ఎనిమిది వేలు కడితే పది రోజుల్లో డ్రోన్ ఎగరేయడం నేర్పి, డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. నలభై మంది చేరాలట. హెడ్‌మాస్టారికి ఇష్టమే. కమిటీలో పెద్దవాళ్లు ఆడపిల్లలకు ఇదెందుకు అంటున్నారు. దీంతో ఉద్యోగాలు వస్తాయా? మొదలుపెట్టమంటారా? మా అమ్మాయిని ప్లస్ టూలో సైన్స్‌లో వేయాలా?

జవాబు: అమ్మా, ఆ ఎనిమిది వేలు కట్టకండి. బడిలో డ్రోన్ పాఠం మాత్రం తప్పకుండా మొదలుపెట్టండి.

ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని పరీక్ష నెగ్గాలి. అలా వచ్చినది పదేళ్లు చెల్లుతుంది. పదమూడేళ్ల పిల్లకు దాన్ని ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. ఆ సంస్థ ఇవ్వగలిగింది, పిల్ల క్లాసుకు వచ్చిందని రాసిచ్చే కాగితం. గోడకు తగిలించుకోవచ్చు. రేపు ఏ దరఖాస్తుకు జత చేసినా దాన్ని లెక్కలోకి తీసుకోరు. వాళ్లు మోసగాళ్లని నేననడం లేదు, నేర్పడం బాగానే నేర్పవచ్చు. కానీ పైలట్ అన్న మాట తీసేసి, అదే కోర్సును అదే ధరకు మళ్లీ చెప్పమనండి. కమిటీలో ఎంతమంది చేయి ఎత్తుతారో చూడండి.

మరి పిల్లలు డ్రోన్ ముట్టుకోకూడదా అంటే, హాయిగా ముట్టుకోవచ్చు. బరువును బట్టి నియమాలున్నాయి. 250 గ్రాముల లోపుది నానో. దాన్ని ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి రెండు కిలోల దాకా మైక్రో. వ్యాపారానికి కాకపోతే దానికీ సర్టిఫికెట్ అడగరు. పొలాల్లో మందు కొట్టే పెద్ద డ్రోన్లు రెండు కిలోలు దాటి 25 కిలోల లోపు ఉండే తరగతిలోవి, వాటి జోలికి బడి పోనక్కర్లేదు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ తన ఆవరణలోనే, గ్రీన్ జోన్‌లో (అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతంలో), పరిశోధన, తయారీ ప్రయోగాలు, పరీక్షల కోసం ఎగరేసుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ రెండింటి నుంచీ మినహాయింపు. ఆవరణలోనే అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. అదే డ్రోన్‌ని తీసుకెళ్లి ఊరి జాతర వీడియో తీస్తే ఈ మినహాయింపు వర్తించదు. ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది.

మీ బడి గ్రీన్ జోన్‌లో ఉందో లేదో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాపులో హెడ్‌మాస్టారు అయిదు నిమిషాల్లో చూడగలరు. గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగక్కర్లేదు. పిల్లలకు అంత ఎత్తు ఎందుకు, వేపచెట్టు కొమ్మ దాటనివ్వకండి. చట్టం అడగకపోయినా పోలీస్ స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి రండి. గజపతిలాంటి జిల్లాలో ఆకాశంలో ఏదో తిరుగుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే మాస్టారికి వచ్చే టెన్షన్ తగ్గుతుంది.

ఇక డబ్బు. నలభై మందికి ఎనిమిది వేల చొప్పున మూడు లక్షల ఇరవై వేలు. పది రోజులయ్యాక ఆ సంస్థ డ్రోన్లు సర్దుకుని వెళ్లిపోతుంది, బడిలో ఏమీ మిగలదు. అందులో సగం కూడా ఖర్చు చేయకుండా మన దేశంలో తయారైన నాలుగు నానో డ్రోన్ కిట్లు, డ్రోన్‌కు మూడేసి బ్యాటరీలు, విడి రెక్కల ప్యాకెట్లు, తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్లు రెండు, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి కొనుక్కోవచ్చు. అవి బడిలోనే ఉంటాయి, వచ్చే ఏడాది పిల్లలకూ పనికొస్తాయి. విదేశాల్లో తయారైన డ్రోన్ ఎవరైనా చవకగా ఇస్తామంటే వద్దనండి. 2022 ఫిబ్రవరి నుంచి వాటి దిగుమతి మీద నిషేధం ఉంది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసేందుకు కేంద్రం సాయంతో పెట్టే గది) ఉందా? ఉంటే ఈ సామాను చాలావరకు అందులోంచే సర్దుకోవచ్చు. లేకపోతే దరఖాస్తు సంగతి కనుక్కోమనండి. ఆ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు. అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు.

పాఠం ఎలా నడపాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే క్లబ్బులు మూలనపడేది ఇక్కడే. బడి కిట్లలో వచ్చే చిన్న డ్రోన్ ఒక బ్యాటరీ మీద మామూలుగా కొద్ది నిమిషాలే ఎగురుతుంది. నలభై మందిని ఒక డ్రోన్ ముందు వరసలో నిలబెడితే ఒక బ్యాటరీతో ఒక్కొక్కరికి అరనిమిషం కూడా రాదు, పిల్లలు గోల చేస్తారు, మాస్టారు విసిగిపోతారు. అయిదుగురేసి ఎనిమిది జట్లు చేయండి. ఒక రోజు నాలుగు జట్లు ఎగరేస్తాయి, మిగతా నాలుగు బల్లల దగ్గర విప్పి బిగిస్తాయి. మరుసటి వారం తారుమారు. ఎగరేసే జట్టులో ఒకరు రిమోట్ పట్టుకుంటారు. ఒకరు పక్కనే నిలబడి డ్రోన్ మీంచి చూపు తిప్పకుండా చెట్లు, మనుషులు వస్తే అరుస్తారు. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు బ్యాటరీ వోల్టేజీ పుస్తకంలో రాస్తారు, ఒకరు గీత లోపలికి ఎవరినీ రానివ్వరు. ప్రతి బ్యాటరీకి పనులు మారాలి. లేదంటే గట్టిగా అరిచే అబ్బాయి చేతిలోనే రిమోట్ ఉండిపోతుంది, మీ అమ్మాయి ఏడాదంతా గడియారం చూస్తూ నిలబడుతుంది.

మొదటి పాఠానికి సుద్దతో మీటరు చదరం గీసి, దాని మీద ఛాతీ ఎత్తున డ్రోన్‌ని కదలకుండా ఆపమనండి. వినడానికి తేలిక. చేతిలోకి రిమోట్ వచ్చాక తెలుస్తుంది. అది కుదిరాక డ్రోన్ ముక్కును తమవైపు తిప్పుకోమనండి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, కుడికి నొక్కితే ఎడమకు పోతుంది. దాదాపు అందరూ గోడకు కొట్టేది అక్కడే. అందుకే మొదటి నెల ఖాళీ గదిలోనో సభల హాలులోనో చేయండి. బయట చేసేటప్పుడు ఉదయం ప్రార్థన అయిన వెంటనే పెట్టుకోండి. మధ్యాహ్నం కొండల మీంచి గాలి లేస్తే అంత తేలిక డ్రోన్ నిలవదు. కంప్యూటర్ గది ఉంటే ఉచితంగా దొరికే సిమ్యులేటర్ (తెర మీద డ్రోన్ ఎగరేసే ఆటలాంటిది) మీద వేళ్లు అలవాటు చేయించండి, రెక్కల ఖర్చు తగ్గుతుంది.

రెక్కల దగ్గర మంచి సైన్సు పాఠం ఉంది. నాలుగింటిలో రెండు గడియారం ముల్లు తిరిగే వైపు, రెండు ఎదురు వైపు తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోన్ ఒళ్లంతా బొంగరంలా రెండో వైపు తిరిగిపోతుంది. రెక్కల మీద ఎ, బి అని చిన్న అక్షరాలుంటాయి. వాటిని అటూ ఇటూ మార్చి బిగిస్తే లేవబోతూనే బోర్లా పడుతుంది. మాస్టారు ఒకసారి కావాలనే తప్పుగా బిగించి, ఎందుకు పడిందో పిల్లలచేత చెప్పించాలి. పుస్తకంలోని న్యూటన్ మూడో సూత్రం ఆ రోజు నిజంగా బుర్రకెక్కుతుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం నవ్వులాట వద్దు. లిథియం పాలిమర్ సెల్లు నిండితే 4.2 వోల్టులు, వారాలపాటు దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. మేకు గుచ్చినా, వంచినా మంట లేవవచ్చు. ఛార్జింగ్ గచ్చు నేల మీద, పెద్దవాళ్లెవరైనా గదిలో ఉన్నప్పుడే, పక్కన ఇసుక బకెట్‌తో. ఎండలో ఆపిన బండి డిక్కీలో బ్యాటరీలు వదిలేయకూడదు. ఈ నియమాలు ఇంగ్లిష్‌లో ప్రింటు తీసి అంటించి చేతులు దులుపుకోకండి. మీ బడిలో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీంచి వచ్చే సవర గిరిజన పిల్లలు ఉంటారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులు గారి ప్రాంతం మీది. మూడు భాషల్లోనూ చెప్పించండి. అగ్గితో పని కదా.

ఇప్పుడు ఉద్యోగాలు. ఎగరేయడం ఒక్కటే వస్తే దాన్ని నేను ఉద్యోగం అనను. మందు కొట్టే డ్రోన్ పదిలీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని పది నిమిషాల లోపే ముగిస్తుంది. వినడానికి బాగుంది, కానీ పని ఖరీఫ్‌లో కొన్ని వారాలు, రబీలో కొన్ని వారాలు. వంశధార పక్కన పల్లపు వరిలో బాగా నడుస్తుంది. కొండవాలు పొలం చెక్కల్లో, గుబురు జీడితోటల్లో అంత సులువు కాదు. నా అంచనాలో మీ ప్రాంతంలో ముందు కొరత వచ్చేది పైలట్లకు కాదు, డ్రోన్ పాడైతే బాగుచేసేవాళ్లకు. మోటారు కాలిపోయినా, నాజిల్ మూసుకుపోయినా ఈరోజు దూరపు నగరానికి పంపి ఎదురుచూడాల్సి వస్తోంది, సీజన్ అంతలో దాటిపోతుంది. అందుకే బడిలో సోల్డరింగ్ ఐరన్ పట్టించకుండా రిమోట్ మాత్రమే పట్టించే కోర్సు ఎంత చవకైనా నాకు నచ్చదు.

రెండో దారి కొలతలది. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో పల్లెల ఇళ్ల స్థలాలను డ్రోన్లతోనే కొలిచారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాను ఎలా ఊడ్చిందో మీకు నేను చెప్పాలా? ఎక్కడ ఎన్ని చెట్లు పోయాయి, ఏ దారి తెగింది అన్న లెక్క పైనుంచి తీసిన ఫొటోలతో త్వరగా తేలుతుంది. ఆ ఫొటోలు తీయడం చిన్న పని. ఒకదాని మీద ఒకటి ముప్పావు వంతు కలిసేలా తీసి, వాటిని కుట్టి మ్యాపు చేసి, అందులోంచి విస్తీర్ణం రాబట్టేవాళ్లకే జీతం. మ్యాపులోంచి విస్తీర్ణం రాబట్టే పనికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో మీ ఊరి మ్యాపు తెరిచి, బడి నుంచి చెరువు దాకా దూరం కొలవమని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్తే డ్రోన్ లేకుండానే మొదలవుతుంది.

ఆడపిల్లలకెందుకు అన్న పెద్దవాళ్లకు ఒక మాట. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికే పెట్టారు, బడ్జెట్ 1,261 కోట్లు. 2025-26 దాకా అని ప్రకటించిన ఆ పథకంలో డ్రోన్ ఖరీదులో 80 శాతం, ఎనిమిది లక్షలకు మించకుండా ప్రభుత్వం భరించేలా పెట్టారు. ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ, అందులో అయిదు రోజులు పైలట్ శిక్షణ. మీరు మిషన్ శక్తి (ఒడిశా మహిళా స్వయం సహాయక) సంఘంలో ఉండి, మెట్రిక్ (పదో తరగతి) పాసై ఉంటే, ఆ పథకం ఇంకా నడుస్తోందేమో బ్లాక్ ఆఫీసులో మీ గురించే అడగండి. మీ అమ్మాయికి 18 రావడానికి ఇంకా అయిదేళ్లుంది. ఆ లోపు ఇంట్లో మొదటి పైలట్ మీరే అయితే కమిటీలో ఆ ప్రశ్న మళ్లీ రాదు.

మీ అమ్మాయి చదువు గురించి ఇప్పుడే తేల్చేయక్కర్లేదు. ఈ రెండేళ్లూ లెక్కలు, సైన్సు జారిపోకుండా చూడండి, ముఖ్యంగా త్రికోణమితి. విప్పి బిగించడంలో ఆసక్తి కనిపిస్తే మెట్రిక్ తర్వాత పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా మంచిది. ఐటీఐ అయితే ఎలక్ట్రానిక్స్ మెకానిక్ లేదా సర్వేయర్ ట్రేడ్. డ్రోన్ టెక్నీషియన్ అని ఆరు నెలల ఐటీఐ కోర్సు కూడా ఉంది, కానీ అది రెండో మెట్టుగా బాగుంటుంది, మొదటి మెట్టుగా కాదు. పొలం పని మీద మక్కువ ఉంటే ప్లస్ టూ సైన్స్ చేసి వ్యవసాయ డిగ్రీకి వెళ్లవచ్చు. పర్లాకిమిడి దగ్గరే సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ కళాశాల ఉంది. క్లబ్బు పిల్లల్ని ఒకరోజు అక్కడికి తీసుకెళ్లడానికి హెడ్‌మాస్టారిచేత ఉత్తరం రాయించండి. ఇంజనీరింగ్ అయితే ప్లస్ టూలో గణితం తప్పదు, ఒడిశాలో బీటెక్ సీట్లు జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ అనే రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఇస్తారు.

ఒకవేళ పాతపట్నం వైపో శ్రీకాకుళం వైపో చదివించాలనుకుంటే, ఆంధ్రలో పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష), ఈఏపీసెట్ (ఇంజనీరింగ్, వ్యవసాయ ప్రవేశ పరీక్ష) సీట్లకు స్థానికత చూస్తారు. చదివిన ఏళ్లు, నివాసం ఏ రాష్ట్రంలో అన్నది అడుగుతారు. మీ సరిహద్దు ఊళ్ల పిల్లలు చాలామంది ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలుసుకుని కంగారు పడుతుంటారు. అమ్మాయి తొమ్మిదిలోకి రాగానే బడి స్టడీ సర్టిఫికెట్లు, నివాస ధ్రువపత్రం పట్టుకుని ఆ విషయం కనుక్కుని పెట్టుకోండి.