ఎల్క్‌కూ జింకకూ ఒకే రైఫిల్: ఏ క్యాలిబర్ కొనాలి?

ప్రశ్న: అన్నగారూ, మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా డెన్వర్ దగ్గర ఉంటున్నాను. నిరుడు సిటిజన్‌షిప్ వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేశాను. ఒక్క రైఫిల్ కొనుక్కుని, దాంతోనే ఎల్క్ (మన కణుజులాంటి పెద్ద జంతువు), మ్యూల్ డీర్ (ఇక్కడి జింక), ప్రాంగ్‌హార్న్ (కృష్ణజింకలా కనిపించేది) అన్నిటికీ వెళ్లాలని ఆశ. షాపులో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నం క్యాలిబర్, అంటే ఎక్కువ మందు పట్టే బలమైన తూటా రకం, తీసుకోమంటున్నారు. ఆఫీసులో మిత్రుడు 6.5 క్రీడ్‌మూర్ తప్ప వేరే పేరెత్తడు. వీడియోలు చూసేకొద్దీ అయోమయం పెరుగుతోంది. మీరే దారి చూపాలి.
- పేరు వద్దన్న పాఠకుడు, కొలరాడో

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. .30-06 కొనండి. ఇక్కడివాళ్లు ‘థర్టీ ఆట్ సిక్స్’ అంటారు. బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో పిడి లాగేది), ఎనిమిది పౌన్లకు అటూ ఇటూ బరువు, పైన మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే 3-9 స్కోప్. మిగిలిన డబ్బంతా తూటాలకూ పెట్రోలుకూ ఉంచుకోండి.

మీకు షాపులో చెప్పిన మాటే 2008లో నాకూ ఒక షాపులో చెప్పారు. “ఎల్క్ మొండి జంతువు, మ్యాగ్నం లేకపోతే పడదు” అన్నారు. నేను నల్లమల అంచున మార్కాపురం వైపు ఊళ్లో పుట్టినవాణ్ణి. పెద్దవాళ్లు కణుజుల గురించి చెప్పుకుంటుంటే వింటూ పెరిగాను. ఎల్క్ మగది 700 పౌన్లుంటుందని విని, మన కణుజు కంటే పెద్దదైతే తుపాకీ కూడా పెద్దదే కావాలనుకున్నాను. .300 మ్యాగ్నం కొన్నాను. కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్లి ఎనిమిది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. తొమ్మిదోది కాల్చలేదు. అలాగే అక్టోబరులో కొలరాడోలోని మీకర్ ఊరి పైనున్న కొండల్లోకి వెళ్లాను.

రెండో రోజు పొద్దున, 250 గజాల దూరంలో ఒక మగ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే మంచి అవకాశం ఎవరికీ రాదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో నా కళ్లు మూసుకుపోయాయి, భుజం బిగుసుకుంది. దెబ్బ ఊపిరితిత్తులకు తగలాల్సింది, వెనక పొట్టలోకి పోయింది. మంచులో నెత్తురు జాడ పట్టుకుని ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. మా పక్కింటి పెద్దాయన డెబ్భై ఏళ్ల వయసులో నాతో పాటు ఆ కొండలన్నీ ఎక్కి దిగాడు. దొరకలేదు. ఆ జంతువు ఎక్కడో రెండు మూడు రోజులు బాధపడి చచ్చిపోయి ఉంటుంది. పదిహేడేళ్లవుతోంది, ఇప్పటికీ ఆ వాలు నా కళ్ల ముందుంది. క్యాలిబర్ గురించి నేను ఏం చెప్పినా అక్కడి నుంచే చెబుతాను.

ఆ పెద్దాయనే తర్వాత నన్ను రేంజ్‌కు తీసుకెళ్లాడు. నాకు కనబడకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య మందు లేని డమ్మీ ఒకటి పెట్టాడు. నేను నొక్కితే టక్కుమంది, పేలలేదు. కానీ బారెల్ కొస జానెడు కిందికి వాలింది. తుపాకీ తన్నకముందే నా ఒళ్లు ఆ తన్నుకు భయపడుతోంది! ఇది పిరికితనం కాదు. దెబ్బ తగులుతుందని తెలిసిన ఒళ్లు చేసే పని అది. కొత్తవాళ్లలో ఎక్కువమందికి ఉంటుంది, చాలామందికి తమకుందని తెలియదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను, అంటే తూటా కొసన ఉండి దూసుకుపోయే ముద్దను, .30-06 సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో పంపుతుంది. .300 మ్యాగ్నం అదే బుల్లెట్‌ను 2,960 దాకా తీసుకెళ్తుంది. గ్రెయిన్ అంటే ఏమిటని కంగారు పడకండి. మన కంసాలి పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లే. అంటే తులం బరువున్న రాగి, సీసం ముద్ద గాలిలో పోతోందన్నమాట. రెండింటినీ 200 గజాలకు గురి సరిచేస్తే, 300 గజాల దగ్గర .30-06 ఎనిమిదిన్నర అంగుళాలు కిందికి దిగుతుంది, మ్యాగ్నం ఏడు అంగుళాలు. తేడా ఒకటిన్నర అంగుళం! ఎల్క్ గుండె, ఊపిరితిత్తులున్న చోటు పద్నాలుగు, పదిహేను అంగుళాల వెడల్పుంటుంది. ఆ ఒకటిన్నర అంగుళం కోసం భుజం మీద సగానికి దగ్గర ఎక్కువ తన్ను భరించాలి. మ్యాగ్నంను సునాయాసంగా కాల్చేవాళ్లున్నారు, వాళ్లకు అది మంచి ఆయుధమే. మొదటి రైఫిల్ కొనేవారికి కాదు.

ఈ తూటా వయసు చూసి చిన్నచూపు చూడకండి. పేరులో 06 అంటే 1906. జర్మన్లు అప్పుడే మొన తేలిన తేలికపాటి బుల్లెట్ తీసుకొచ్చేసరికి, అమెరికా సైన్యం తన 1903 నాటి మొద్దుమొన తూటాను పక్కనపెట్టి దీన్ని తయారుచేసుకుంది. సైన్యం రెండు ప్రపంచ యుద్ధాల్లో వాడింది కాబట్టి దేశమంతా తెలిసిపోయింది. నాకు పనికొచ్చే విషయం వేరే ఉంది. క్రెయిగ్, గన్నిసన్ లాంటి ఊళ్లలో ఏ హార్డ్‌వేర్ షాపులోకి వెళ్లినా ఇది దొరుకుతుంది. 150 గ్రెయిన్ల బుల్లెట్ పెడితే ప్రాంగ్‌హార్న్‌కు, 165 పెడితే మ్యూల్ డీర్‌కు, 180 పెడితే ఎల్క్‌కు, దానికంటే పెద్దదైన మూస్‌కు. ఒకే గొట్టంలోంచి ఇన్ని బరువులు పోతాయి. ఒకటి గుర్తుంచుకోండి, బుల్లెట్ మార్చిన ప్రతిసారీ గురి మళ్లీ సరిచూసుకోవాలి. నేనైతే ఆ బాధ లేకుండా అన్నిటికీ 165 రాగి బుల్లెట్ ఒక్కటే వాడతాను.

క్యాలిబర్ కంటే బుల్లెట్ ముఖ్యమని ఎందుకంటానో చెప్పనివ్వండి. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన బ్రిటిష్ కొలంబియాకు మూస్ వేటకెళ్లాడు. చేతిలో ఉన్నది .300 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నం, ఆ రోజుల్లో పెద్ద పేరున్న తూటా. బురద గట్టిపడిన మూస్ ఒంటి మీద బుల్లెట్లు పైపైనే చిట్లిపోయాయి, లోపలికి దిగలేదు. ఆయన ఇంటికొచ్చి ఇంకా పెద్ద తుపాకీ కొనలేదు. బుల్లెట్ మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం పువ్వులా విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. అదే నోస్లర్ పార్టిషన్, 1948 నుంచి అమ్ముతున్నారు. ఇవాళ్టికీ ఎల్క్ వేటగాళ్ల జేబుల్లో ఉంటుంది. మ్యాగ్నం తూటా అప్పుడు చేయలేని పని మంచి బుల్లెట్ పెట్టిన .30-06 ఇప్పుడు చేస్తుంది.

మీ మిత్రుడి 6.5 క్రీడ్‌మూర్ మంచిదే. 2007లో మొదట గురిపోటీల కోసం తెచ్చారు. తన్ను తక్కువ, గురి నిలకడ. జింకకు, ప్రాంగ్‌హార్న్‌కు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పక్కకు తిరిగిన ఎల్క్‌కు 300 గజాల లోపల సరిపోతుంది. కానీ ఎల్క్ మనకు నచ్చినట్టు నిలబడదు. కాస్త ఏటవాలుగా తిరిగి, భుజం ఎముక అడ్డొచ్చినప్పుడు నా చేతిలో క్రీడ్‌మూర్ 140 కంటే బరువైన .30-06 బుల్లెట్ ఉంటేనే నాకు మనసు నిలుస్తుంది. .308 విన్‌చెస్టర్ అయితే నాకేం అభ్యంతరం లేదు. .30-06 కంటే సెకనుకు ఓ వంద అడుగులు తక్కువ వేగం, రైఫిల్ కాస్త పొట్టిగా తేలిగ్గా ఉంటుంది. షాపులో మీ భుజానికి చక్కగా కుదిరింది .308 అయితే అదే తెచ్చుకోండి, మిగతా సలహా ఏదీ మారదు. .270 కూడా అంతే.

కొలరాడో నిబంధన కూడా తెలుసుకోండి. పెద్ద జంతువులకు కనీసం .24 క్యాలిబర్ ఉండాలి. ఎల్క్‌కు, మూస్‌కు బుల్లెట్ కనీసం 85 గ్రెయిన్లు, విచ్చుకునే రకం. వంద గజాల దగ్గర వెయ్యి అడుగు-పౌన్ల శక్తి ఉండాలి. మీరు అడిగినవన్నీ ఈ గీతకు చాలా పైనే ఉన్నాయి, కాబట్టి చట్టం మీ ఎంపికను తేల్చదు. ఏటా వచ్చే వేట నిబంధనల బ్రోషర్ మాత్రం మొదటి పేజీ నుంచి చదవండి.

ఇక సాధన. తూటాల పెట్టెలో ఇరవై ఉంటాయి. వేటకు ముందు ఆరు పెట్టెలు కాల్చండి. రోజుకు ఇరవై దాటొద్దు, చెవులకు రెండు రక్షణలు, లోపల ఒకటి, పైన ఒకటి, పెట్టుకోండి. వంద గజాల దగ్గర రెండంగుళాలు పైకి తగిలేలా సరిచేస్తే 200 గజాలకు సరిగ్గా ఉంటుంది. తర్వాత బల్ల వదిలేయండి. అడవిలో బల్ల ఉండదు! నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులాన్చి కాల్చండి. మన ఉగాది విందులో వాడే తొమ్మిదంగుళాల పేపర్ ప్లేటు ఒకటి పెట్టుకోండి. ఐదుకు ఐదు ప్లేటులో పడే దూరమే మీ వేట దూరం. 180 గజాలైతే 180 గజాలే. మీకర్ తర్వాత నేను ఆ మ్యాగ్నం అమ్మేసి, పాత .30-06 ఒకటి కొన్నాను. దాంతో తొమ్మిది ఎల్క్‌లు తెచ్చుకున్నాను, వాటిలో ఏడు 200 గజాల లోపలే. వదిలేసినవి ఎన్నో లెక్క పెట్టలేదు.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. నేను రైఫిల్ కొనొచ్చా? మిత్రుడి తుపాకీతో రేంజ్‌లో కాల్చితే తప్పేమైనా ఉందా?
- ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. మిత్రుడిదైనా చేతిలోకి తీసుకుంటే దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్సు మీ దగ్గరుంటే ఆ నిషేధం వర్తించదు. లైసెన్సు గడువు ముగిసిన మర్నాటి నుంచి మళ్లీ నిషేధంలో ఉన్నట్టే, ఇంట్లో ఉన్న రైఫిల్‌తో సహా. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. ఇంకొకటి: గంజాయి వాడేవారికి తుపాకీ నిషేధం, రాష్ట్రంలో అది చట్టబద్ధమైనా సరే. ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి, తర్వాతే షాపు గడప తొక్కండి.

ప్రశ్న: మా ఆయన .30-06 వాడతారు. నాకూ వేటకు రావాలనుంది. నేను ఐదడుగులే, సన్నగా ఉంటాను. ఆయన రైఫిల్ ఒకసారి కాల్చి రెండు రోజులు చెయ్యెత్తలేకపోయాను. నాకు సరిపడేది ఉందా?
- ఒక పాఠకురాలు, మోంటానా

జవాబు: ఉందమ్మా. 7 ఎంఎం-08 రెమింగ్టన్ చూడండి. .308 తూటా మెడను సన్నం చేసి తయారుచేశారు, 1980లో వచ్చింది. 140 గ్రెయిన్ల మంచి బుల్లెట్‌తో జింకలకూ, దగ్గరి దూరంలో ఎల్క్‌కూ సరిపోతుంది. తన్ను .30-06 కంటే బాగా తక్కువ. అది దొరక్కపోతే 6.5 క్రీడ్‌మూర్. అంతకంటే ముందు చూడాల్సింది మడమ, అంటే భుజానికి ఆన్చే కర్ర. అది ఆరడుగుల మగవాడి కొలతకు ఉంటుంది. మీకు పొడవైతే తుపాకీ భుజం మీద కాకుండా చేతి మీద కూర్చుంటుంది, నొప్పంతా అందుకే. ఒకటి, ఒకటిన్నర అంగుళం పొట్టిగా ఉన్న మడమ అడగండి, మెత్తటి రబ్బరు ప్యాడ్ పెట్టించండి. మొదటి నెల తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తోనే నేర్చుకోండి. మీ ఆయన దగ్గర కాకుండా వేరే శిక్షకుల దగ్గర నేర్చుకుంటే ఇంట్లో శాంతిగా ఉంటుంది. ఇది నేను అనేక జంటలకు నేర్పాక చెబుతున్న మాట.

ప్రశ్న: మా ఇంట్లో ఆరేళ్లు, మూడేళ్ల పిల్లలున్నారు. వేట మాంసం వాళ్లకు పెట్టొచ్చా? సీసం గురించి ఏదో చదివాను.
- ఒక తల్లి, ఒరెగాన్

జవాబు: మీరు చదివింది నిజమే. సీసం బుల్లెట్ లోపల చిట్లినప్పుడు కంటికి కనబడని ముక్కలు గాయానికి చాలా దూరం దాకా చెదురుతాయి. చిన్నపిల్లలకు ఎంత కొంచెం సీసమైనా మంచిది కాదు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు పూర్తిగా నిషేధించారు, ముఖ్యంగా కాండర్ రాబందులను కాపాడటానికి. మిగతా రాష్ట్రాల్లో చాలాచోట్ల పెద్ద జంతువుల వేటకు అది మన ఇష్టం. మా అమ్మాయి పుట్టిన ఏడాది నుంచి నేను రాగి బుల్లెట్లే వాడుతున్నాను. ధర ఎక్కువ, కానీ ఏడాదికి వేటలో పేలేవి రెండో మూడో. సాధనకు చవక తూటాలు, వేటకు రాగివి. రెండింటికీ గురి విడిగా చూసుకుంటే చాలు.

ఎవరైనా పంచి ఇచ్చిన మాంసమైతే ఏ బుల్లెట్‌తో కొట్టారో అడగండి, మొహమాటపడొద్దు. సీసమైతే గాయం చుట్టూ జానెడు మేర కోసి పారేశారో లేదో కనుక్కోండి, ఖీమా మాత్రం పిల్లలకు పెట్టకండి. జింకలకూ ఎల్క్‌లకూ సోకే క్రానిక్ వేస్టింగ్ జబ్బు ఉన్న ప్రాంతం నుంచి తెచ్చినదైతే, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లోనే ఉంచండి. ఎల్క్‌కు కొవ్వు బాగా తక్కువ, మన వేటమాంసం వేపుడులా గట్టి మంట మీద చేస్తే తోలులా తయారవుతుంది. తొడ ముక్కలు ప్రెషర్ కుక్కర్‌లో మెత్తబడనిచ్చి, చివర్లో గోంగూర వేయండి. మా పిల్లలు అలాగే అడుగుతారు.