112 వ్యవస్థకు రిస్క్ లెక్కగట్టే ఉద్యోగం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఐటీ మూడో సంవత్సరం. 112 లాంటి అత్యవసర సేవల కంప్యూటర్ వ్యవస్థల్లో రిస్క్ అంచనా వేసే పని చేస్తానంటున్నాడు. కంప్యూటర్ వ్యవస్థల ఆడిటర్లకిచ్చే సీఐఎస్‌ఏ సర్టిఫికెట్ కోచింగ్‌కు డబ్బు కట్టమంటారా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దండి. పరీక్ష ఎవరైనా రాయొచ్చు గానీ, సర్టిఫికెట్ చేతికి రావాలంటే ఐదేళ్ల అనుభవం చూపాలి. చదువుకు కొంత మినహాయింపు ఇస్తారు. పాసైన ఐదేళ్లలోపు దరఖాస్తు చేయకపోతే రాసిన పరీక్ష వృథా.

బ్యాంకుకు డేటా బయటికి పొక్కుతుందని భయం. 112 వ్యవస్థకు కాల్ కలవదేమోనని. 2014 ఏప్రిల్‌లో అమెరికాలో అదే జరిగింది. అక్కడి అత్యవసర నంబరు 911కు వచ్చే కాల్స్‌ను దారి మళ్లించే కొలరాడో కేంద్రంలో సాఫ్ట్‌వేర్ ఒక్కో కాల్‌కు ఒక నంబరు వేస్తుంది. ఆ నంబర్లకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టి ఉంది. లెక్క అక్కడికి చేరగానే కొత్త కాల్స్‌కు నంబరు పడలేదు. ఏడు రాష్ట్రాల్లో 6,600కు పైగా కాల్స్ పోయాయి. అలారం మోగింది కూడా. తక్కువ స్థాయి అలారాల్లో కలిసిపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు. మయామిలో రెండో కేంద్రం ఉండీ, కాల్స్ అటు మళ్లడానికి గంటలు పట్టింది.

అబ్బాయిని 112 కాల్ వెళ్లే దారి కాగితం మీద గీయమనండి: ఫోన్, టవర్, టెలికాం స్విచ్, కాల్ సెంటర్, బండిని పంపే డిస్పాచ్ తెర, బండిలోని ట్యాబ్. ఒక్కో మెట్టుకు నాలుగు గళ్లు: ఏం చెడుతుంది, చెడినట్టు ఎలా తెలుస్తుంది, ఎంతసేపు ఆగినా ఫర్వాలేదు, అంతవరకు చేత్తో ఎలా నడుపుతారు. రెండో గడి దగ్గరే చాలామంది తెల్లమొహం వేస్తారు. ‘జనరేటర్ ఉంది’ అని రాస్తే చాలదు. డీజిల్ ఎన్ని గంటలకు? రోడ్ల మీద చెట్లు పడితే తెచ్చేదెవరు? హుద్‌హుద్ చూసిన ఊరివాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. జరిగే అవకాశానికి, తీవ్రతకు 1 నుంచి 5 దాకా మార్కులేసి గుణించే పట్టికలో అరుదైన మహా విపత్తు 1×5, రోజూ మొరాయించే ప్రింటర్ 5×1. రెండూ అయిదే! కాబట్టి తీవ్రత 5 ఉన్నవాటిని గుణించకుండా విడిగా పెట్టాలి.

చదవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ రిస్క్ అంచనాపై రాసిన మార్గదర్శిని, 800-30, ఉచితంగా దొరుకుతుంది. దాంతోపాటు నెట్‌వర్కింగ్, లినక్స్ గట్టిగా రావాలి. ఈ ఉద్యోగం పేరుతో ప్రకటనలు వెతికితే పెద్దగా కనబడవు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిట్ సంస్థల్లో, 112 సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో చూడమనండి. ఇంటర్వ్యూకు 112 దారి గీసిన ఆ కాగితం వెంట తీసుకెళ్లాలి, రెండో గడి నింపాకే.