సదస్సు నుంచి వచ్చాక ముందు ఏం చేయాలి?

ప్రశ్న: స్కూలు లైబ్రేరియన్‌ని. మొన్న రెండు రోజుల గ్రంథాలయ సదస్సులో పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాలు చూసుకునే కోహా సాఫ్ట్‌వేర్ చూపించారు. మా దగ్గర 3,000 పుస్తకాలు, ఒక పాత కంప్యూటర్ ఉన్నాయి. ఎలా మొదలుపెట్టమంటారు?

జవాబు: కోహా జోలికి ఇప్పుడే పోకండి. ఉచితమే, కానీ విండోస్ మీద కాదు, లినక్స్ మీద నడుస్తుంది. బ్యాకప్ చూసుకునే మనిషి లేకపోతే మూలపడుతుంది. ముందు యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసే పుస్తకం) పట్టుకుని బీరువాల దగ్గరికి వెళ్లండి. కనిపించిన పుస్తకానికి పెన్సిల్‌తో టిక్ పెట్టి, ఆ పుస్తకాలనే ఎక్సెల్‌లో ఎక్కించండి: నంబరు, పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, వెల, బీరువా.

నంబరు కాలమ్‌ను మొదలుపెట్టకముందే టెక్స్ట్‌గా మార్చాలి. లేదంటే 00417 కాస్తా 417 అయిపోతుంది, రేపు బార్‌కోడ్ స్కాన్ చేస్తే పుస్తకం దొరకదు. తెలుగు యూనికోడ్‌లోనే కొట్టండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టింది కోహాలోకి వెళ్లేసరికి అర్థంకాని గుర్తులవుతుంది. అన్నిటికంటే తలనొప్పి రచయితల పేర్లు. ఒకచోట శ్రీశ్రీ, మరోచోట శ్రీరంగం శ్రీనివాసరావు అని పడితే వెతికేవాళ్లకు సగం పుస్తకాలే కనిపిస్తాయి. ఏదో ఒక రూపం ఖాయం చేసుకుని, ఆ జాబితా కంప్యూటర్ పక్కనే అంటించుకోండి.

అన్నట్టు, సదస్సులో ఇచ్చిన సంచీ సరే, కోహా వాడుతున్న లైబ్రేరియన్ ఎవరిదైనా ఫోన్ నంబరు తీసుకున్నారా?