బరువు వేసుకుని నడవొచ్చా? రెండేళ్ళుగా నడుస్తున్నాను, నా అనుభవం ఇది

బరువుతో నడవొచ్చా అని అడిగారు కదా. మీకు 46 ఏళ్ళు, 68 కిలోలు, ఉండేది కావలి. రోజూ ముక్కాలు గంట నడుస్తున్నారు. వీపున బ్యాగులో బరువు పెట్టుకుని నడిస్తే ఇంకా మంచిదని ఎవరో చెప్పారు, మోకాళ్ళు పాడవుతాయేమోనని మీ భయం. నాకు 51, నెల్లూరులో ఉంటాను. ఈ పని రెండేళ్ళుగా చేస్తున్నాను. మొదట్లో తప్పుగా చేసి ఆరు వారాలు నడక మానేయాల్సి వచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నడవొచ్చండీ. కానీ ఎంత బరువన్నదాని కంటే ముందు, అది ఒంటి మీద ఎక్కడ ఉందో చూసుకోవాలి. ఈ సంగతి మా అమ్మకి తెలుసు. మాది కనిగిరి పక్కన పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, తాగడానికి పనికిరావు. మంచినీళ్ళకి అమ్మ రెండు బిందెలతో వెళ్ళేది. చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన ఒకటి, చంకన ఒకటి. నెత్తిన బిందె గురించి ఏనాడూ ఏమీ అనలేదు. "ఈ చంకన బిందే నా నడుము తినేస్తా ఉంది" అనేది. నెత్తిన బరువు వెన్ను మీదుగా నేరుగా కాళ్ళలోకి దిగుతుంది. చంకన ఉన్నది ఒంటిని ఒక పక్కకి లాగుతుంది, ఇల్లు చేరేదాకా నడుము దానితో పెనుగులాడుతూనే ఉండాలి. చిన్నప్పటి నుంచీ మోసే అలవాటున్న కెన్యా ఆడవాళ్ళు తమ బరువులో ఐదో వంతు దాకా మోసినా, ఖాళీగా నడిచినప్పటి కంటే ఎక్కువ శక్తి ఖర్చు కావట్లేదని 1986లో ఒక పరిశోధన వచ్చింది. అది చదివినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది.

మనకి ఇప్పుడు నెత్తిన మోసే అలవాటు లేదు, మెడ పట్టేస్తుంది. వీపు మీదే మేలు. చేతిసంచీ, ఒంటి భుజం బ్యాగు వద్దు, అవి చంకన బిందె లాంటివే. కాళ్ళకి కట్టుకునే బరువులు అసలు వద్దు. అడుగు తీరే మారిపోయి మడమ, మోకాలు లాగేస్తాయి.

నా తప్పు చెప్తాను. ఇంట్లో ఉన్న పది కిలోల నెల్లూరు మహసూరి బియ్యం సంచీని మా అబ్బాయి పాత కాలేజీ బ్యాగులో అలాగే దించేశాను. బరువంతా అడుగున చేరి నడుము మీద వేలాడేది. దానికి ఎదురుగా తెలియకుండానే ముందుకి వంగి నడిచాను. స్వర్ణాల చెరువు వైపు రెండు వారాలు బాగానే తిరిగాను కదా అని, ఒక ఆదివారం ఆ బ్యాగుతోనే నరసింహకొండ ఎక్కాను. ఎక్కడం బాగానే ఉంది. దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేసింది. దిగుడులో ప్రతి అడుగుకీ ఒంటి బరువునీ బ్యాగు బరువునీ మోకాలే ఆపాలి. ఆ నొప్పి పోవడానికే ఆరు వారాలు పట్టింది.

ఇప్పుడు బ్యాగు అడుగున పాత చీర మడత పెడతాను. బియ్యం గట్టి కవర్లో పోసి, తువ్వాలు చుట్టి, ఆ చీర మీద పెడతాను. బరువు రెక్కల మధ్యకి, వీపుకి అంటుకుని వస్తుంది. పట్టీలు బిగించి ఉండాలి. నడుస్తుంటే చేతివేళ్ళు తిమ్మిరెక్కితే పట్టీ భుజంలో నరాన్ని నొక్కుతోందని అర్థం, వెంటనే దించేయండి.

మీ 68 కిలోలకి మూడు కిలోలతో మొదలుపెట్టండి, ఇరవై నిమిషాలు, వారానికి రెండు రోజులు చాలు. మిగతా రోజులు మామూలు నడకే. రెండు మూడు వారాలకి ఒక కిలో పెంచండి, ఆరేడు కిలోల దగ్గర ఆగండి. ఆ మోకాలి దెబ్బ తర్వాత నేను ఇప్పటికీ ఆరు దాటలేదు. పక్కవాళ్ళతో ఆగకుండా మాట్లాడగలిగితే బరువు సరిపోయినట్టే. ముందుకి వంగుతున్నారంటే ఎక్కువైనట్టు.

దీనితో ఒళ్ళు వేగంగా తగ్గిపోతుందని మాత్రం అనుకోకండి. ఆరు కిలోలు మోస్తే ఇంచుమించు ఆరు కిలోలు ఎక్కువున్న మనిషి నడిచినట్టే, అంటే మీకు పదో వంతు కంటే తక్కువే అదనపు ఖర్చు. ఒక్క ఉప్మా ప్లేటుతో అది పూడిపోతుంది. ఎముకలు గట్టిపడతాయనీ చాలామంది చెప్తున్నారు. అమెరికాలో 150 మంది పెద్దవయసు వాళ్ళ మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. వాళ్ళు ఒళ్ళు తగ్గే క్రమంలో బరువు జాకెట్ వేసుకున్నా తుంటి ఎముక అరుగుదల ఆగలేదట. నాకు మాత్రం వీపు నిటారుగా నిలబడింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. నాకు అది చాలు.

మోకాళ్ళ సంగతి. ఒళ్ళున్నవాళ్ళకి మోకాళ్ళు అరిగి ఉంటే, ఒక కిలో తగ్గినా అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పెంచినప్పుడు ఎంత పడుతుందో దాన్ని బట్టి ఊహించండి. మీకు ఇప్పటికే నొప్పి ఉంటే బ్యాగు జోలికి పోవద్దు, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. గర్భసంచి జారినవాళ్ళు, హెర్నియా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కూడా అడక్కుండా మొదలుపెట్టకూడదు. ఇంకో మాట, ఇది మా వైపు వాళ్ళకి తప్పకుండా చెప్పాలి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళ ఎముకలు ఎక్స్‌రేలో చిక్కగా కనపడినా పెళుసుగా ఉండొచ్చు, కీళ్ళు బిగుసుకుపోయి ఉండొచ్చు. మీరు పెరిగింది కనిగిరి, పామూరు వైపైతే డాక్టరుతో ఆ మాట చెప్పి మరీ అడగండి.

ఎండాకాలం తెల్లారి అయిదింటికే బయల్దేరండి. మన దగ్గర సముద్రపు తేమకి చెమట ఆరదు, బ్యాగు కింద వీపు ఇంకా ఉడికిపోతుంది. రోహిణి కార్తెలో నేను బ్యాగు ఇంట్లోనే వదిలేస్తాను.

మొదటి వారం బియ్యం కూడా వద్దు. ఒక్కో లీటరు పట్టే మూడు సీసాల్లో మూతి దాకా నీళ్ళు నింపి చీర మీద పెట్టుకోండి. లీటరంటే కిలోనే కదా. సగం దారిలో భుజాలు లాగితే ఏ చెట్టు మొదట్లోనో ఒక సీసా పోసేసి, మిగతా రెండింటితో ఇంటికి రండి.