పేరున్న కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు కొన్నేళ్లకే ఎందుకు దెబ్బతింటుంది?

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా, ఒకప్పుడు వరుసగా కప్పులు తెచ్చిన కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు వెనుకబడిందంటే, చాలావరకు దానికి కారణం వెళ్లిపోయిన ఆటగాళ్ల స్థానంలోకి తర్ఫీదు పొందిన కొత్తవారు ఏటా రాకపోవడమే.

డిగ్రీ చదువు మూడేళ్లది కాబట్టి 12 మంది జట్టులో ఏటా సుమారు నలుగురు వెళ్లిపోతారు. మూడేళ్లపాటు కొత్తవారిని తీర్చిదిద్దకపోతే గెలిచిన జట్టులో ఒక్కరూ మిగలరు. పైగా కోర్టులో ఒకేసారి ఆడేది ఐదుగురే కనుక, బంతిని ముందుకు నడిపించే ఒక్క మంచి గార్డు వెళ్లిపోయినా మొత్తం ఆట తీరే మారిపోతుంది. ఆ గార్డును పాఠశాల పోటీల్లోనే గుర్తించి, తెల్లవారకముందే కోర్టుకు రప్పించి, ఎడమచేత్తో డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్లడం) చేయడం, రింగు కింద ఒక పాదం కదపకుండా తిరగడం నెలల తరబడి నేర్పించేది శిక్షకుడే.

అమెరికాలోని యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) పురుషుల జట్టు జాన్ వుడెన్ శిక్షణలో 1964 నుంచి 1975 వరకు 12 సీజన్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిచింది. ఆయన విరమించాక అది గెలిచిన టైటిల్ 1995లో ఒక్కటే. పేరూ వసతులూ ఉన్నచోటే అలా జరిగితే, ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మీద ఆధారపడే చిన్న కళాశాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పటి పిల్లలకు ఆసక్తి లేదని, పొడవైన కుర్రాళ్లు దొరకడం లేదని చాలామంది అనుకుంటారు. ఇది ఆ పిల్లలపట్ల అన్యాయమైన మాట. ఓటములు కనిపిస్తున్నది ఇవాళే అయినా, లోపం మొదలైంది మూడు నాలుగేళ్ల కిందట, జట్టు ఇంకా గెలుస్తున్న రోజుల్లో, మొదటి సంవత్సరం పిల్లలను బెంచీకే పరిమితం చేసినప్పుడు.