కార్క్‌లో సుబెరిన్ కరగకపోతే

కార్క్ పొడిని క్లోరోఫాంలో గంటల తరబడి మరిగించినా సుబెరిన్ కరగడం లేదన్నారు. అది కరగదండీ, టెన్షన్ పడకండి. సుబెరిన్ అంటే కార్క్ కణాల గోడల్లో వలలా అల్లుకుపోయిన పాలియెస్టర్ (ఎస్టర్ బంధాలతో కలిసిన పెద్ద అణువు). మామూలు సాల్వెంట్ దాన్ని బయటికి లాగలేదు. మీకు ఫ్లాస్కులో మిగిలిన తెల్లటి పదార్థం చాలావరకు ఫ్రీడెలిన్ లాంటి మైనపు పదార్థాలే.

వాటిని తీసేయడం మంచిదే అయింది. ఇప్పుడు పొడిని ఇథనాల్‌తో, తర్వాత నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. మిథనాల్‌లో కలిపిన సోడియం మిథాక్సైడ్ అనే బలమైన క్షారంతో, ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే అర), రిఫ్లక్స్ చేయండి, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ ఫ్లాస్కులోకే చేరేలా మరిగించండి. సుబెరిన్‌లోని ఎస్టర్ బంధాలు తెగి గ్లిసరాల్, పొడవాటి కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్లు విడిపోతాయి. తేమ ఉంటే మాత్రం ఎస్టర్లకు బదులు సబ్బు తయారవుతుంది. వడపోతలో మిగిలే పిప్పి ప్రధానంగా లిగ్నిన్, సెల్యులోజ్, హెమీసెల్యులోజ్. ఓక్ కార్క్‌లో సుబెరిన్ సుమారు 40 శాతం కాబట్టి, పొడి బరువు దాదాపు సగానికి పడిపోతే పని జరిగినట్టే.