కుంచె రాతను ఫాంట్ చేసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అక్షరాలు చూశాను. చెయ్యి బాగుంది. 'క', 'శ' చూస్తుంటే కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిందో తెలుస్తోంది. ఫాంట్ చేసేటప్పుడు ఆ కదలిక పోకుండా కాపాడుకోవడమే అసలు పని.

ముందు తలకట్టు సంగతి. ఒకటి రాసి తలకట్టున్న హల్లులన్నిటికీ అతికిస్తే పని త్వరగా తెములుతుంది కానీ, ఒక్క మాట టైప్ చేయగానే గుట్టు బయటపడుతుంది. తెలుగులో కన్ను ముందు పట్టుకునేది ఆ పైగీతనే. అందుకని అలాంటి ప్రతి అక్షరాన్నీ తలకట్టుతో కలిపి ఒకే ఊపులో రాయి. 'కొ', 'మో', 'ఘు' లాంటివి కూడా ముక్కలు అతికించి తయారు చేయకు, పూర్తి రూపంగానే రాయి. పని బాగా పెరుగుతుంది. తప్పదు బాబూ.

ఇప్పుడు 'మమత' అని టైప్ చేసి చూడు. రెండు 'మ'లూ అచ్చు గుద్దినట్టు ఉంటే అది చేతిరాత అని ఎవరూ నమ్మరు. 1953లో ఫ్రెంచ్ డిజైనర్ రోజర్ ఎక్స్‌కఫోన్ చేసిన మిస్ట్రాల్ అనే చేతిరాత ఫాంట్ లోహపు అచ్చుల కాలానిది. అయినా అందులో అక్షరాలు ఒకదాన్నొకటి అందుకుంటూ పెన్నుతో రాసినట్టే ఉంటాయి. ఆయనకు లేని సౌకర్యం నీకుంది, ఓపెన్‌టైప్. అక్షరం రూపం ఎప్పుడు మారాలో ఫాంట్‌లోనే రాసిపెట్టగలిగే ఫార్మాట్ అది. మ, న, ర, ల, త లాంటి తరచూ వచ్చే అక్షరాలకు రెండు మూడు రూపాలు రాసి, పక్కపక్కన వచ్చినప్పుడు వాటంతటవే మారేలా కాంటెక్స్‌చువల్ ఆల్టర్నేట్స్ పెట్టు. అన్నిటికీ అక్కర్లేదు. 'ఝ'కి రెండో రూపం రాస్తూ కూర్చోకు.

గీత లావైనకొద్దీ చదవడం కష్టమవుతుంది. 'ప'లో తలకట్టు ఒంటికి అంటుకుంటే 'వ' అయిపోతుంది. 'ఠ'లో చుక్క పూడిపోతే 'ర' మిగులుతుంది. ఇలాంటి చోట అందం కాస్త తగ్గినా ఖాళీ వదులు.

ఒత్తుల్ని చిన్నవి చేయడానికి పెద్ద అక్షరాన్నే కుదించకు, గీత సన్నబడి పక్కదానితో పొసగదు. వేరే సన్న కుంచె తీసుకుని ఆ సైజులోనే రాయి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' కింది వరుసను గుద్దుకుంటున్నాయేమో రెండు వరుసలు పెట్టి చూసుకో.

స్కాన్ చేశాక ఆటో ట్రేస్, అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే అంచులు గీసిచ్చే పద్ధతి, ఇచ్చిన బొమ్మను అలాగే వాడేయకు. అంచుల వెంట వందల కొద్దీ పాయింట్లు పడతాయి, అంచులు వణుకుతాయి. అనవసరమైనవి తీసెయ్. అలాగని నున్నగా చెక్కేయకు కూడా. సిరా ఆరిపోతూ గరుకుగా తేలిన గీత చివర అలాగే ఉండనీ, అందుకోసమే కదా జనం కుంచె ఫాంట్ ఎంచుకునేది.

ఇది పోస్టర్లకు, టైటిళ్లకు మాత్రమే, పేరాలకు పనికిరాదని ఫాంట్‌తో పాటు ఇచ్చే కాగితంలో రాసిపెట్టు. మొత్తం అక్షరాలు పూర్తయ్యేదాకా ఆగొద్దు. ఇరవై అక్షరాలు కాగానే వాటితో కుదిరే మాటలు పెద్ద సైజులో ప్రింట్ తీసి, గోడకు అంటించి, దూరం నుంచి చూసి, ఆ ఫొటో నాకు పంపు.